తాతగారికి 22 ఎకరాలు ఉండేవి, కారు లేదు. నాకు కారు ఉంది, సెంటు భూమి లేదు

లంకపొలం
మొన్న ఆదివారం అమలాపురంలో మా పెదనాన్నగారి మనవరాలి ఓణీల వేడుకకు వెళ్ళాము. పంక్తిలో నా పక్కన కూర్చున్న ఒక దూరపు బంధువు, పులిహోర వడ్డిస్తుండగా, పదిమందికీ వినపడేటట్లు ఇలా అన్నారు: “మీ తాతకు 22 ఎకరాలు ఉండి కూడా ప్రాణం పోయేదాకా కాలినడకనే తిరిగాడు. అంత పిసినారి ఈ లంకల్లో మరొకడు పుట్టలేదు.” అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, కాని సమాధానమూ చెప్పలేకపోయాను. మా తాతగారిది అయినవిల్లి దగ్గర పల్లె. ఆయనకు 12 ఎకరాల వరి, 10 ఎకరాల కొబ్బరి ఉండేవి, 1988లో కాలం చేశారు. ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు. నాకు సెంటు భూమి లేదు గాని, వాయిదాల మీద కొన్న కారు ఉంది. పంక్తిలో నవ్వినవారి లెక్క ప్రకారం నేను ధనవంతుణ్ణి, ఆయన లోభి. ఇది న్యాయమైన లెక్కేనా?

వరిబస్తా
రూపాయల్లో చూస్తే ఈ ప్రశ్న తేలదు, బస్తాల్లో చూడాలి. 1983 డిసెంబరులో మారుతి 800 మొదటిసారి జనం చేతికి వచ్చినప్పుడు దాని ధర దాదాపు 47,500 రూపాయలు. ఆ సంవత్సరం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 132 రూపాయలు, అంటే మన 75 కిలోల బస్తా 99 రూపాయలు. కనుక ఆ చిన్న కారు ఖరీదు 480 బస్తాలు. మీ తాతగారి 12 ఎకరాల్లో సార్వాకు, అంటే వానకాలపు పంటకు, ఎకరాకు 22 బస్తాలు పండాయనుకుంటే 264 బస్తాలు చేతికి వస్తాయి. దాళ్వా, అంటే రెండో పంట, కూడా కలిపితే తప్ప కారు రాదు. అది కూడా కూలీలకు కొలవకుండా, ఎరువు కొనకుండా, ఇంట్లో ఎవరూ అన్నం తినకుండా ఉంటేనే. ఇందులో పిసినారితనం ఎక్కడ ఉందో నాకు కనిపించడం లేదు.

కొబ్బరిమట్ట
10 ఎకరాల కొబ్బరిని లెక్కలో వదిలేశారు. వరి రైతులకు కొబ్బరి మీద ఈ చిన్నచూపు ఎప్పుడూ ఉన్నదే.

వరిబస్తా
కొబ్బరిమట్ట గారు, 1983లో కాయ ఏ ధర పలికిందో మీరు వ్రాస్తే కలుపుతాను. నేను మాత్రం ఊహించి వ్రాయను.

లాకుల_మాస్టారు
లెక్క బాగుంది, కాని మొదట అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. కారు కొంటే ఆయన దాన్ని ఎక్కడ నడిపేవారు? మన డెల్టా రోడ్ల మీద పెరిగిన దేశం కాదు, కాలువల మీద పెరిగిన దేశం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీళ్ళు మాత్రమే ఇవ్వలేదు, పడవలకు దారి కూడా ఇచ్చింది. కాకినాడ కాలువలో ఎక్కిన సరుకు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు వరకు నీటి మీదే వెళ్ళగలిగేది. నీటిమట్టం మారిన చోటల్లా లాకులు, అంటే పడవలను ఎక్కించి దించే నీటి తలుపులు, ఉండేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద ఇద్దరు ముగ్గురు తాడు భుజాన వేసుకుని పడవను లాగేవారు. మా తండ్రిగారు లాకుల దగ్గర ఉద్యోగం చేశారు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, నీటిమట్టం సమానమయ్యేదాకా ఆపేవారు. ఆ వ్యవధిలో పడవవాళ్ళు గట్టు మీద పొయ్యి వెలిగించుకుని అన్నం వండుకునేవారని ఆయన చెబుతూ ఉండేవారు.

అటువంటి కాలంలో కలవారి హోదా పడవ గదిలో కనిపించేది, మేనాలో కనిపించేది, ఆడవారి కోసం తెర కట్టిన గూడుబండిలో కనిపించేది. బండికి కట్టిన ఎడ్ల జత చూసి ఇంటి స్థితి చెప్పేవారు. ఒంగోలు జాతి జత ఒకటి ఉంటే చాలు, సంబంధం కోసం వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళకుండానే సగం ఒప్పుకునేవారు. లంకపొలం గారు, మీ తాతగారి పశువుల పాక ఎంత ఉండేదో మీ ఇంట్లో పెద్దవారిని అడగండి.

లంకపొలం
అడిగాను. రెండు జతల ఎడ్లు, నాలుగు గేదెలు ఉండేవట. ఎడ్ల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు ఉండేవని మా మేనత్తగారు చెప్పారు. తాతగారి చెప్పులు మాత్రం మూడు చోట్ల కుట్టించినవట.

పంటుమీదపిల్లవాడు
మా నాన్న రేవులో పనిచేసేవారు. రెండు పడవలను పక్కపక్కన బిగించి, వాటి మీద అడ్డంగా బల్లలు పరిచి, ఒడ్డు నుండి రెండు బల్లలు వాలుగా వేసి కారును ఎక్కించేవారు. యజమాని ముందుగానే దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని ఒడ్డున నిలబడేవాడు. డ్రైవరు ఒక్కడే, రామ రామ అనుకుంటూ ఎక్కించేవాడు. ముందు చక్రాలు ఎక్కగానే పడవలు ఆ వైపుకు ఒరిగేవి, మేము అవతలి వైపున గుంపుగా నిలబడి బరువు సరిచేసేవాళ్ళం. ఆ పనికి నాకు ఇచ్చిన కూలి ఒక బెల్లం జీడి. వరదల నెలల్లో కార్లు దాటించడం ఉండేది కాదు. అందువల్ల శ్రావణంలో లంకల్లో పెళ్ళి పెట్టుకున్న కారు యజమానికీ, కారు లేనివాడికీ తేడా ఉండేది కాదు, ఇద్దరూ నాటు పడవలోనే దాటేవారు.

యానాం_గాలి
ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో వచ్చేదాకా మా పరిస్థితి కూడా అదే. ఎదురుగా ఊరు కనిపిస్తూ ఉండేది, కాని పంటు, అంటే బండ్లను దాటించే బల్లకట్టు, వచ్చేదాకా కారులో కూర్చుని చెమటలు కార్చవలసి వచ్చేది. వంతెన వచ్చిన తరువాత కోనసీమవారు మా ఊరికి పెట్రోలు కోసం రావడం మొదలుపెట్టారు, ఎందుకంటే మా యానాం పుదుచ్చేరి పాలనలోది, అక్కడి పన్ను తక్కువ. లీటరుకు కొద్ది రూపాయలు మిగుల్చుకోవడానికి 40 కిలోమీటర్లు పెట్రోలు కాల్చుకుంటూ వచ్చేవారిని నేను స్వయంగా చూశాను.

కొబ్బరిమట్ట
పెట్రోలు కోసమే వస్తారని యానాం_గాలి గారు ఇంత మర్యాదగా వ్రాయడం నాకు నచ్చింది.

పాలేరుకొడుకు
ఇప్పటిదాకా వ్రాసినవారందరూ గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నట్లు ఉంది, అందుకే నేను కొంచెం చేలోకి దిగుతాను. మా నాన్న తూర్పు డెల్టాలో ఒక రైతు దగ్గర 19 ఏళ్ళు పాలేరుగా చేశాడు. ఆయన జీవితంలో కొన్న ఏకైక వాహనం ఒక పాత సైకిలు. పెద్దవీధి మలుపు రాగానే సైకిలు దిగి, ఆ వీధి చివరిదాకా నడిపించుకుంటూ వెళ్ళి, మళ్ళీ ఎక్కేవాడు. అరుగు మీద కూర్చున్నవారి ముందు తొక్కుకుంటూ వెళ్ళకూడదని ఎక్కడా వ్రాసి లేదు, ఎవరూ చెప్పనూ అక్కరలేదు. కనుక లంకపొలం గారి తాతగారు కాలినడకన తిరగడం, మా నాన్న కాలినడకన తిరగడం ఒకటి కావు. ఆయన ఎక్కడైనా నడవవచ్చు, ఎలాగైనా వెళ్ళవచ్చు, ఇష్టపడి నడిచారు.

వరిబస్తా గారు బస్తాల్లో కొలిచారు. బస్తా ఉన్నవాడికి అది కొలత. లేనివాడికి రోజు కూలి కొలత. ఆ లెక్క కూడా ఒకసారి వేసి చూపండి.

వరిబస్తా
పాలేరుకొడుకు గారి ఆక్షేపణ సరైనదే, నా లెక్కలో కూలివాడు ఖర్చు పద్దులో మాత్రమే కనిపించాడు. మా ఊరిలో ఇప్పుడు మగ కూలి 600 రూపాయలు. నాలుగు లక్షల చిన్న కారుకు 667 రోజుల కూలి కావాలి. ఏడాదికి 200 రోజులు పని దొరికినా మూడు సంవత్సరాలు దాటిపోతుంది, అదీ పూర్తిగా కూడబెడితేనే. దీని పక్కన అమెరికా లెక్క పెట్టి చూడండి. ఫోర్డు కంపెనీ మోడల్ టి కారు 1908లో 850 డాలర్లు, 1925 నాటికి 260 డాలర్లు. అదే కంపెనీ 1914 నుండి కార్మికుడికి రోజుకు 5 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కూలితోనే లెక్క వేసినా 260 డాలర్లంటే 52 రోజుల పని. తాను బిగించిన కారును తానే కొనుక్కోగలిగిన కార్మికుడు అలా తయారయ్యాడు. మన దగ్గర వరి నాటిన మనిషి ఆ బియ్యాన్ని చౌకధరల దుకాణంలో తెచ్చుకుంటున్నాడు.

బస్తాల లెక్క కూడా పూర్తి చేస్తాను. 2024–25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలు 2,300, అంటే బస్తా 1,725 రూపాయలు. నాలుగు లక్షల కారు 232 బస్తాలు. 1983తో పోలిస్తే భూమి ఉన్నవాడికి కారు సగం కంటే తక్కువకు వచ్చింది.

ఎర్రకాలువ
కారును కనిపెట్టిన ఫోర్డు దేశం గనుక వాళ్ళకు చౌకగా దొరికింది, మనతో పోలిక ఏమిటి?

స్టీరింగు_అత్తయ్య
ఎర్రకాలువ గారు, కారును ఫోర్డు కనిపెట్టలేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు తీసుకున్నారు. ఆ బండిని నమ్మి మొదటిసారి దూర ప్రయాణం చేసింది మాత్రం ఆయన భార్య బెర్తా. 1888లో భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, మన్‌హైమ్ నుండి ఫోర్త్‌సైమ్‌లోని పుట్టింటికి 100 కిలోమీటర్ల పైచిలుకు నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రవం కొని పోసుకుంది, ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసుకుంది. పుట్టింటికి వెళ్ళాలన్న పట్టుదల ఏ పనైనా చేయిస్తుందని మన ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు.

నా సంగతి చెబుతాను. మా ఇంట్లో 1990ల నుండి కారు ఉంది, కాని నేను 46వ ఏట నేర్చుకున్నాను. అంతకు ముందు నేను ఎక్కడికి వెళ్ళాలన్నా మావారి తీరిక, డ్రైవరు తీరిక, అమావాస్య, మంగళవారం అన్నీ కుదరాలి. తెర కట్టిన గూడుబండిలో మా అమ్మమ్మ ఎలా వెళ్ళిందో, అద్దాలు ఎత్తిన కారు వెనుక సీటులో నేను అలాగే వెళ్ళాను. మొదటిసారి నేనే నడుపుకుంటూ రావులపాలెం నుండి జొన్నాడ వంతెన దాటినప్పుడు గోదావరి వైపు తల తిప్పి చూడలేదు, భయం వల్ల. తిరుగు ప్రయాణంలో చూశాను. అందువల్ల “ఇంటికి కారు ఉంది” అనే మాటను నేను అంత సులభంగా నమ్మను. తాళం ఎవరి కొంగున ఉందని అడుగుతాను.

ఎర్రకాలువ
పొరపాటు దిద్దినందుకు కృతజ్ఞతలు. మా ఇంట్లో తాళం నా దగ్గర లేదని తెలియజేసుకుంటున్నాను.

మండపేట_మెకానిక్
అప్పట్లో కారు ఉన్నవారి కష్టాలు కూడా నమోదు చేయాలి. నేను 1979లో షెడ్డులో చేరాను. వచ్చేవి రెండే రకాలు, అంబాసిడర్, ఫియట్. ఎప్పుడైనా ఒక హెరాల్డు వస్తే చుట్టూ చేరి చూసేవాళ్ళం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన ఆగిపోయిన కారుకు సగం సార్లు జబ్బు ఒకటే, పెట్రోలు పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరై, కార్బురేటరుకు అందకపోవడం. తడి గుడ్డ చుట్టి పావుగంట ఆగితే కదిలేది. అనుభవం ఉన్న డ్రైవరు కారులో ఒక పాత పంచె ముక్క, నీళ్ళ డబ్బా లేకుండా బయలుదేరేవాడు కాదు. ఆ పంచె ముక్కను చూసిన పెళ్ళివారొకరు, శుభకార్యానికి వెళ్తూ కారులో మడ్డి గుడ్డ ఏమిటని దాన్ని పారవేయించి, ముహూర్తానికి గంట ఆలస్యంగా చేరుకున్నారు.

అంబాసిడర్ 2014లో ఆగిపోయింది. దాన్ని విప్పి బిగించడానికి చెట్టు నీడ చాలు. ఇప్పటి కార్లు నా షెడ్డుకు వచ్చినా కంప్యూటరు లేకుండా వాటి జబ్బు ఏమిటో నాకు చెప్పవు. కోనసీమ సముద్రపు ఒడ్డు ఊళ్ళ కార్లు మాత్రం పాతవైనా కొత్తవైనా అడుగు తుప్పు పట్టే వస్తాయి, ఉప్పుగాలికి మోడలుతో పని లేదు.

లాకుల_మాస్టారు
రెండే రకాలు ఎందుకు ఉన్నాయో చెప్పాలి. 1953 తరువాత, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే విదేశీ కంపెనీలు, అంటే జనరల్ మోటార్సు, ఫోర్డు, మన దేశం నుండి తప్పుకున్నాయి. దేశంలోనే తయారు చేసే కొద్ది కంపెనీలకు మాత్రమే అనుమతులు మిగిలాయి. 1980ల మొదట్లో దేశం మొత్తం మీద ఏడాదికి 50,000 కార్లు కూడా తయారు కాలేదు. చేతిలో డబ్బు ఉన్నవాడు కూడా వరుసలో నిలబడవలసిందే. కారు మాట అటుంచి, బజాజ్ చేతక్ స్కూటరుకే ఏళ్ళ తరబడి నిరీక్షణ. తూర్పు జర్మనీలో ట్రబాంట్ కారుకు పదేళ్ళకు పైగా ఎదురుచూసేవారు, అందువల్ల వాడిన కారు కొత్తదాని కంటే ఎక్కువ ధర పలికేది. మా బావమరిది 1980లో స్కూటరుకు డబ్బు కట్టి, వంతు వచ్చిన రోజునే ఆ కేటాయింపు చీటీని లాభానికి అమ్ముకుని, ఆ లాభంతో ఆవును కొన్నాడు. వాళ్ళ ఇంట్లో ఆ ఆవును చాలాకాలం చేతక్ అనే పిలిచారు.

పంటుమీదపిల్లవాడు
చేతక్ పాలు ఇచ్చిందా?

లాకుల_మాస్టారు
మైలేజి బాగానే ఇచ్చిందని విన్నాను.

నిమ్మకాయలదండ
2009లో లక్ష రూపాయల నానో వచ్చినప్పుడు మా నాన్న ఒక్కరే మా వీధిలో ధైర్యం చేసి కొన్నారు. ఆ ఏడాది బోనసుతో కలిపి ధాన్యం క్వింటాలు 1,000 రూపాయలు, కనుక వరిబస్తా గారి పద్ధతిలో అది 133 బస్తాల కారు, ప్రకటించిన ధర మేరకు. నలుగురం హాయిగా ద్రాక్షారామం, కోటిపల్లి తిరిగాము. కాని మా అక్క పెళ్ళిచూపులకు వచ్చినవారు గుమ్మం ముందు దాన్ని చూసి, “ఇది మీదేనా?” అని అడిగిన తీరు నాన్నకు గుచ్చుకుంది. స్కూటరు ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు. ఆ కారు తయారీ 2018లో ఆగిపోయింది, దాన్ని చంపింది ఇంజను కాదు, “అన్నిటికంటే చౌక కారు” అన్న పేరు అని నా అభిప్రాయం.

ఎడారిడ్రైవరు
కువైటులో 11 సంవత్సరాలుగా ఒక ఇంటి కార్లు నడుపుతున్నాను. నేను రోజూ తుడిచే బండి ఖరీదుతో మా ఊరి చెరువు గట్టు మీద ఇళ్ళన్నీ కొనవచ్చు. మామిడికుదురు దగ్గర మా ఇంట్లో నా సొంత కారు కూడా ఉంది. ఏడాదికి 30 రోజులు నడుపుతాను, మిగిలిన 335 రోజులు టార్పాలిను కింద ఉంటుంది. పోయిన సంవత్సరం వెళ్ళేసరికి ఎలుకలు వైర్లు కొరికేశాయి, బ్యాటరీ చచ్చిపోయింది. అయినా అమ్మనని అమ్మ ఒట్టు పెట్టించుకుంది, వాకిట్లో కారు ఉంటే కొడుకు ఉన్నట్లు ఉంటుందట. ఈ కారును మీరు ఏ పద్దులో వ్రాస్తారో నాకు తెలియదు.

వాయిదాలరావు
అందరూ కొన్నవారే గాని, అప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆరు లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళకు తీసుకుంటే నెలకు 9,653 రూపాయలు కట్టాలి, మొత్తం 8 లక్షల 11 వేలు అవుతుంది. ఏడేళ్ళ తరువాత ఆ కారుకు మూడు లక్షలు ఇచ్చేవాడు దొరికితే అదృష్టం. లంకపొలం గారి తాతగారి ఎకరం అదే ఏడేళ్ళలో తగ్గేది కాదు. అప్పు మీద కారు అమ్మడం కొత్త విద్య కూడా కాదు, జనరల్ మోటార్సువారు 1919లోనే దానికోసం వేరే సంస్థ పెట్టారు. మా తాతల కాలంలో అప్పు ఉన్నవాడు దాన్ని దాచుకునేవాడు, మేము అప్పుకు నిమ్మకాయలు కట్టి ఊరంతా తిప్పుతున్నాము.

పాలేరుకొడుకు
వాయిదాలరావు గారి లెక్క ఒప్పుకుంటాను, కాని అప్పు పుట్టడం కూడా అందరికీ ఉన్న వసతి కాదు. మా నాన్నకు సైకిలుకు కూడా అప్పు పుట్టలేదు. మా తమ్ముడికి పుట్టింది. వాడు ఇప్పుడు పసుపు ప్లేటు కారు నడుపుతున్నాడు, కాకినాడ ఆసుపత్రులకు, అన్నవరానికి కిరాయిలు వేస్తాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కారు ఉన్న కుటుంబాలు 4.7 శాతం, సైకిలు ఉన్నవి దాదాపు 45 శాతం. ఈ చర్చలో మాత్రం నూటికి తొంభైమందికి కార్లు ఉన్నట్లున్నాయి. అప్పు తీరిన నాడు మా తమ్ముడు నాన్నను ముందు సీటులో కూర్చోబెట్టుకుని ఆ పెద్దవీధిలో తిప్పాడు. నాన్న మలుపు దగ్గర అలవాటుగా తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తమ్ముడు ఆపలేదు.

స్టీరింగు_అత్తయ్య
పాలేరుకొడుకు గారి మాట చదివి మా ఊరి పెద్దవీధి అరుగులు గుర్తుకు వచ్చాయి. మేము ఆ అరుగుల మీద కూర్చున్నవాళ్ళమే.

లంకపొలం
అన్నీ రెండుసార్లు చదివాను. నిన్న మా మేనత్తగారి ఇంట్లో తాతగారి జమాఖర్చుల పుస్తకం ఒకటి దొరికింది, 1961 సంవత్సరానిది. కోటిపల్లి రేవులో పడవ కేవు, అంటే రేవు దాటే రుసుము, నెలకు నాలుగైదు సార్లు వ్రాసి ఉంది, ఎద్దుల లాడాలకు, తాటాకుకు, ఒక పెళ్ళిలో మేళానికి ఖర్చులు ఉన్నాయి. “పాలేరు జీతం” అన్న పద్దు ఏడాదికి ఒక్కచోటే ఉంది, ధాన్యంలో, దాని పక్కన మనిషి పేరు లేదు. ఎడ్లకు పేర్లు ఉన్నాయి. పాలేరుకొడుకు గారు వ్రాయకపోతే ఆ వరస నా కంటికి ఆనేది కాదు. తాతగారు పిసినారి కాదని మా బంధువుకు ఇప్పుడు లెక్కతో చెప్పగలను. ఆ పుస్తకం పట్టుకుని పూర్తిగా మెచ్చుకోలేను కూడా.

వచ్చే ఆదివారం మేనత్తగారిని అంతర్వేదికి తీసుకువెళ్తున్నాను. నరసాపురం నుండి పంటు మీదే దాటాలని ఆమె కోరిక. నేను ఎప్పుడూ కారును పంటు ఎక్కించలేదు.

పంటుమీదపిల్లవాడు
ఇప్పటి పంటులకు ఇంజను ఉంది, భయం లేదు. మొదటి గేరులో నెమ్మదిగా ఎక్కించండి, పంటు నడిపే సరంగు చెయ్యి చూపిన చోట ఆపి చేతి బ్రేకు వేయండి. మేనత్తగారిని మాత్రం ముందే దింపి ఒడ్డు నుండి నడిపించి ఎక్కించండి. సఖినేటిపల్లి వైపు దిగేటప్పుడు బురద ఉంటుంది.

కొబ్బరిమట్ట
బెల్లం జీడి తీసుకువెళ్ళడం మరచిపోకండి, అవతలి వైపు నిలబడే పిల్లలకు.